విస్తరణ పికప్ వాహనంలో అదనపు విద్యుత్ అమరిక: లోపలి తొడుగు పలకల వెనుక గమనించవలసిన అంశాలు

వ్యవసాయ విస్తరణలో పికప్ వాహనాన్ని ఒకప్పుడు విత్తన బస్తాలు, ప్రదర్శన సామగ్రి మోయడానికే వినియోగించేవారు. నేడు అదే వాహనంలోకి శీతల పెట్టె, ఇన్వర్టరు, ధ్వనివర్ధకం, రాత్రి సమావేశాలకు దీపాలు, మట్టి పరీక్ష పరికరాలు చేరుతున్నాయి. వీటిలో చాలావరకు వాహనంతోపాటు కర్మాగారం నుండి వచ్చినవి కావు. వీటికి బ్యాటరీ నుండి వేరుగా తీగ లాగవలసి వస్తుంది. ఆ తీగ కంటికి కనబడకుండా సాగే దారి, మెకానిక్కులు ట్రిమ్ అని పిలిచే లోపలి తొడుగు పలకల వెనుక ఉంటుంది. పలకలు విప్పి, తీగ వేసి, తిరిగి బిగించే పనిని సాధారణంగా ఎలక్ట్రీషియనుకు అప్పగించి మనం పక్కకు తప్పుకుంటాము. పలక మూసిన తరువాత లోపల ఏ మందం తీగ ఉన్నదో, దానికి ఫ్యూజు ఉన్నదో లేదో పైనుండి చెప్పడం సాధ్యం కాదు. పైరు వాడినప్పుడు మొక్కను పెకలించి వేరు పరిశీలించే అలవాటున్న మనం, పరికరం ఆగినప్పుడు మాత్రం పరికరాన్నే తప్పుపడతాము. ఎక్కువ సందర్భాలలో లోపం తీగలోనే ఉంటుంది.

శీతల పెట్టె ఎందుకు ఆగిపోతుంది?

అనకాపల్లిలో చెరకు పరిశోధన 1913లో ఆరంభమైంది. ఆ ప్రాంత చెరకు తోటలలో పీక పురుగు, కాండం తొలుచు పురుగుల నివారణకు ట్రైకోగ్రామా ఖైలోనిస్ గుడ్ల పరాన్నజీవి విడుదల నేడు అందరికీ తెలిసిన సిఫారసే. కోర్సైరా గుడ్లపై పెంచిన ఈ పరాన్నజీవులను కార్డుల రూపంలో పొలానికి చేరుస్తారు. ఒక ఘన సెంటీమీటరు గుడ్లు అతికించిన కార్డులో సుమారు 18 నుండి 20 వేల గుడ్లు ఉంటాయి. హెక్టారుకు ఒక్కో దఫాకు 50 వేల చొప్పున విడుదల చేయాలంటే రెండు మూడు కార్డులు సరిపోతాయి. చేతి సంచిలో పట్టే ఈ సరుకు రవాణాలో ఎంతో సున్నితమైనది. 27 డిగ్రీల సెల్సియస్ పరిసరాలలో గుడ్డు పరాన్నీకరణ చెందిన ఏడెనిమిది రోజులకు పిల్ల కందిరీగలు బయటికి వస్తాయి. సుమారు 10 డిగ్రీల వద్ద ఉంచితే ఈ ఎదుగుదల మందగించి కొద్ది రోజుల వ్యవధి దొరుకుతుంది. పీక పురుగు ఉద్ధృతి ఎక్కువగా ఉండే ఏప్రిల్, మే నెలలలో ఎండలో నిలిపిన మూసిన వాహనం లోపలి వేడి 50 డిగ్రీలు దాటడం అసాధారణం కాదు. పెట్టె ఆగిపోయిన వాహనంలో రెండు గంటలు గడిపిన కార్డును ఆకు అడుగున గుచ్చితే రైతుకు మనం ఇచ్చినది గోధుమరంగు కాగితం ముక్క మాత్రమే. రైజోబియం, అజోస్పైరిల్లం వంటి జీవన ఎరువుల ప్యాకెట్ల పరిస్థితీ ఇంతే. కార్డు చచ్చిందో బతికిందో రైతుకు చూపుతో తెలియదు. పురుగు తగ్గకపోతే ఆయన వదులుకునేది పద్ధతిపై నమ్మకాన్ని.

ఇటువంటి పెట్టె విషయంలో తరచుగా వినిపించే ఫిర్యాదు ఒకటి ఉంది. బండి నడుస్తున్నంత సేపు చల్లబరుస్తుంది, పొలం గట్టున ఇంజిను ఆపిన కొద్దిసేపటికి ఆగిపోతుంది. బ్యాటరీ కొత్తదే, పెట్టె కొత్తదే. కారణం కొద్దిపాటి లెక్కతో బయటపడుతుంది.

ఒక చదరపు మిల్లీమీటరు అడ్డుకోత గల రాగి తీగకు మీటరు పొడవున, 20 డిగ్రీల వద్ద, సుమారు 0.017 ఓమ్‌ల నిరోధం ఉంటుంది. అడ్డుకోత సగమైతే నిరోధం రెట్టింపవుతుంది. ఇంజిను గదిలోని బ్యాటరీ నుండి వెనుక తొట్టిలోని పెట్టె వరకు తీగ దారి 5 మీటర్లు అనుకుందాం. పోను రాను కలిపి 10 మీటర్లు. 60 వాట్ల పెట్టె 12 వోల్టుల వద్ద 5 ఆంపియర్లు తీసుకుంటుంది. తీగ 0.5 చదరపు మిల్లీమీటర్లదైతే మొత్తం నిరోధం 0.34 ఓమ్‌లు, దారిలో పోయే వోల్టేజి 1.7. ఇంజిను నడుస్తున్నప్పుడు ఆల్టర్నేటరు 14 వోల్టుల దాకా అందిస్తుంది గనుక పెట్టె వద్ద 12.3 మిగిలి ఇబ్బంది కనిపించదు. ఇంజిను ఆపితే బ్యాటరీ వద్ద 12.4 ఉన్నా పెట్టె వద్దకు చేరేది 10.7 మాత్రమే. వాహన బ్యాటరీ పూర్తిగా ఖాళీ కాకుండా కాపాడే స్థానంలో ఉంచిన పెట్టె సుమారు 11 వోల్టుల వద్ద తనంతట తాను ఆగిపోతుంది. బ్యాటరీ నిండుగా ఉన్నా, అది ఖాళీ అయినదని పెట్టె భావిస్తుంది. వేసవిలో పలక వెనుక తీగ 60 డిగ్రీలకు వేడెక్కితే రాగి నిరోధం మరో ఆరవ వంతు పెరిగి నష్టం 2 వోల్టులకు చేరుతుంది. అదే దారిలో 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే నష్టం 0.35 వోల్టు లోపే ఉంటుంది.

బిందు సేద్యంలో లేటరల్ గొట్టం సన్ననై, పొడవు ఎక్కువైతే చివరి డ్రిప్పరు వద్ద పీడనం పడిపోవడం మన విద్యార్థులందరికీ తెలిసినదే. మోటారు వద్ద పీడనమాపకం ఎంత చూపినా చివరి మొక్కకు ఫలితం లేదు. తీగ మందం ఎంపికలోనూ చూడవలసినది చివరి కొసనే. మార్కెట్టులో అమ్మే కొన్ని తీగలలో రాగి పూత పూసిన అల్యూమినియం ఉంటుంది. చూపుకు లావుగా కనిపించినా అదే మందం రాగి కన్నా దాని నిరోధం ఎక్కువ. కొస గీకి చూస్తే లోపల తెల్లని లోహం కనిపిస్తుంది.

ఆటోనగర్‌లో పని చేయించుకునే తీరు

విశాఖపట్నం ఓడరేవు, ఉక్కు కర్మాగారాలకు నడిచే లారీల అవసరాలు గాజువాక వైపున్న ఆటోనగర్‌లో ఎంతో నైపుణ్యాన్ని పోగుచేశాయి. బాడీ పని ఒకరిది, సీట్లు, లైనింగు పని మరొకరిది, విద్యుత్ పని ఇంకొకరిది. మన పనికి ఈ మూడూ కావాలి గనుక ఎవరి బాధ్యత ఎక్కడ ముగుస్తుందో ముందే నిర్ణయించుకోవడం మంచిది. లైనింగు పనివారు విప్పిన పలకను ఎలక్ట్రీషియను, ఎలక్ట్రీషియను వదిలిన తీగను లైనింగు పనివారు చూడకుండానే మూసివేయడం ఇక్కడ ప్రధానమైన ప్రమాదం. పని మొదలయ్యే ముందే ఒక కాగితంపై ఏ పరికరం, ఎన్ని ఆంపియర్లు, ఏ దారి, ఎంత మందం తీగ, ఎంత ఫ్యూజు అని రాసి ఇవ్వాలి. లారీలలో ఏళ్ల తరబడి పనిచేసిన మేస్త్రీలకు ఈ లెక్కలు కొత్తవి కావు. ఏ పరికరానికి ఎంత విద్యుత్తు కావాలో మనం చెప్పకపోతే, చేతికి దొరికిన తీగతో పని పూర్తవుతుంది.

లారీకి, కొత్త పికప్‌కు మధ్య ఒక తేడాను మాత్రం గట్టిగా గుర్తుచేయాలి. పాత వాహనాలలో బల్బు టెస్టరు సూది మొనను తీగ తొడుగులోకి గుచ్చి కరెంటు వెదకడం మామూలు పద్ధతి. ఎలక్ట్రానిక్ నియంత్రణ గల వాహనంలో ఆ బల్బు తీసుకునే విద్యుత్తు సున్నితమైన వలయాలకు హాని చేయగలదు. గుచ్చిన రంధ్రం గుండా సముద్రపు తేమ చేరి లోపలి రాగి నెమ్మదిగా పచ్చబడుతుంది. అందువలన డిజిటల్ మల్టీమీటరు తప్పనిసరి.

పలకలు విప్పే క్రమం

వాహనాన్ని నీడలో నిలిపి, లోపల ఉన్న అమరికను ఫోనుతో ఫోటోలు తీసుకోవాలి. ఆ తరువాత బ్యాటరీ ఋణ ధ్రువాన్ని ముందుగా విప్పాలి. ధన ధ్రువాన్ని ముందు విప్పితే పానా పొరపాటున బాడీకి తగిలినప్పుడు నేరుగా షార్టు సర్క్యూటు ఏర్పడుతుంది. గాలి సంచులు, లాగి పట్టే సీటు బెల్టులు ఉన్న వాహనంలో బ్యాటరీ విప్పిన తరువాత తయారీదారు పుస్తకంలో సూచించినంత సేపు వేచి ఉండాలి. గాలి సంచి వ్యవస్థ కొంత విద్యుత్తును తనలో నిలువ ఉంచుకోవడమే దీనికి కారణం. శ్రీసిటీలో 2016 నుండి తయారవుతున్న ఇసుజు పికప్‌లతో సహా నేటి కొన్ని నమూనాలలో గాలి సంచులు ఉన్నాయి. పక్క తెర సంచులు ఉన్న వాహనంలో అవి పైకప్పు అంచు వెంట, లైనింగు వెనుక మడిచి ఉంటాయి. ఆ దారిలో తీగ పోనివ్వరాదు. పసుపు రంగు కనెక్టర్లు, పసుపు తొడుగు గల తీగలు ఈ వ్యవస్థకు చెందినవి. వాటిని విప్పడం, మీటరుతో పరీక్షించడం కూడా తగదు.

మన అవసరానికి పైకప్పు జోలికి పోనక్కరలేదు. తలుపు గడపపై ఉండే పలక, డ్రైవరు పాదం పక్కనుండే పలక, రెండు తలుపుల నడుమ స్తంభం కింది పలక, సీటు వెనుక పలక — ఈ నాలుగూ విప్పితే ముందు నుండి వెనుక దాకా దారి తెరుచుకుంటుంది. గడప పలక చాలా వాహనాలలో క్లిప్పులతోనే నిలుస్తుంది. ఒక కొస నుండి మొదలుపెట్టి, క్లిప్పుకు వీలైనంత దగ్గరగా బద్ద దూర్చి నిట్టనిలువుగా పైకి లేపాలి. క్లిప్పుకు దూరంగా పట్టుకొని లాగితే పలక విరుగుతుంది, క్లిప్పు మాత్రం కదలదు. స్క్రూడ్రైవరు మొన రంగును గీరి తుప్పుకు దారి ఇస్తుంది గనుక ప్లాస్టిక్ బద్ద వాడాలి. అది లేనప్పుడు నున్నగా చెక్కిన వెదురు బద్ద చక్కగా పనిచేస్తుంది. ఏళ్ల తరబడి ఎండకు మాడిన ప్లాస్టిక్ పెళుసుబారి ఉంటుంది, కొన్ని క్లిప్పులు విరిగే తీరతాయి. అరడజను కొత్త క్లిప్పులు ముందే తెచ్చిపెట్టుకుంటే విరిగిన చోట జిగురు పూసే అవసరం రాదు. జిగురుతో అతికించిన పలకను రెండోసారి పగలగొట్టకుండా విప్పలేము.

ఎక్కడా బలప్రయోగం పనికిరాదు. పలక రాకపోతే కంటికి కనబడని స్క్రూ ఒకటి మిగిలి ఉందని అర్థం. చిన్న ప్లాస్టిక్ మూతల కింద, సామాన్లు పెట్టుకొనే గూటి అడుగున, సీటు బెల్టు బోల్టు వెనుక అవి దాగి ఉంటాయి. విప్పిన స్క్రూలను ఏ పలకవి ఆ పలకకు విడిగా భద్రపరచాలి. ఇందుకు మన విత్తన నమూనా కవర్లకు మించినవి లేవు, పైన పేరు రాసే చోటు కూడా ఉంటుంది. ఇది చాదస్తం కాదు. పొట్టి స్క్రూ ఉండవలసిన చోట పొడవు స్క్రూ బిగిస్తే దాని మొన పలక వెనుక తీగల కట్టలోకి దిగుతుంది. అది ఆ రోజు ఏమీ చేయదు. నర్సీపట్నం నుండి లంబసింగి మీదుగా చింతపల్లికి ఎక్కే ఘాట్ రోడ్డు కుదుపులలో, తీగ తొడుగు కొద్దికొద్దిగా అరిగి, ఏ నెలకో రెండు నెలలకో లోహం లోహానికి తగులుతుంది.

తీగ దారి

ఇంజిను గదికి, క్యాబిన్‌కు నడుమ ఉన్న ఇనుప గోడను దాటడం ఈ పనిలో కీలకమైన ఘట్టం. కర్మాగారం నుండి వచ్చిన తీగల కట్ట దూరే రబ్బరు గ్రోమెట్ అక్కడ ఉంటుంది. దానిలోనే ఖాళీ చూసుకొని తీగ దూర్చడం మేలు. కొత్త రంధ్రం తప్పనిసరైతే గోడకు రెండవ వైపు ఏమున్నదో చూసిన తరువాతే డ్రిల్లు పెట్టాలి, అంచుకు రంగు పూయాలి, సరిపడే గ్రోమెట్ తొడగాలి. గ్రోమెట్ లేని రేకు అంచు కత్తితో సమానం. బయటి వైపు తీగను కొద్దిగా కిందికి వంచి తిరిగి పైకి తీసుకుపోతే వాన నీరు ఆ వంపు వద్దే జారిపడుతుంది, లోపలికి రాదు.

క్యాబిన్‌లో కొత్త తీగ పాత తీగల కట్ట వెంటే సాగాలి. కర్మాగారంలో ఆ దారిని ఎంపిక చేసినవారు పెడళ్లు, స్టీరింగు కడ్డీ, హ్యాండు బ్రేకు, సీటు పట్టాలు కదిలే చోట్లను ముందే తప్పించి ఉంటారు. అడుగడుగునా ప్లాస్టిక్ కట్టుతో బిగించి, ముడతల గొట్టపు తొడుగు వేయాలి. వెనుక తొట్టిలోకి వాహనం అడుగు నుండి పోతే పొగ గొట్టానికి, ఇంధన గొట్టానికి దూరం పాటించాలి. పరిశోధనా క్షేత్రాల గోదాముల పక్కన రాత్రుళ్లు నిలిపే వాహనాలకు ఎలుకల బెడద అదనం. ధాన్యం వాసన పట్టిన వాహనంలో తీగ తొడుగు కొరికే అవకాశం ఎక్కువ గనుక అడుగు భాగంలో వేసే తీగకు మందపాటి తొడుగు తప్పదు.

ఫ్యూజు, రిలే, ఎర్తు

ఫ్యూజు పరికరాన్ని కాపాడడానికని చాలామంది అనుకుంటారు. అది ప్రధానంగా తీగను కాపాడుతుంది. ఇంజినును తిప్పడానికి వందల ఆంపియర్లు ఇవ్వగల బ్యాటరీ, బాడీకి తగిలిన సన్నని తీగలోకీ అదే ధారాళంతో ప్రవహింపజేస్తుంది. తొడుగు కరిగి, పక్కనున్న కార్పెట్టు, స్పాంజి అంటుకోవడానికి క్షణాలు చాలు. పలకల వెనుక మొదలైన మంట బయటికి కనిపించేసరికి ఆలస్యమైపోతుంది. కాబట్టి ఫ్యూజు బ్యాటరీ ధన ధ్రువానికి జానెడు దూరంలోనే ఉండాలి. పరికరం దగ్గర మాత్రమే ఫ్యూజు పెట్టి, నడుమనున్న 5 మీటర్ల తీగను రక్షణ లేకుండా వదలడం కాలువకు తూము తలవైపు కాక చివర కట్టినట్లే. పై ఉదాహరణలోని 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగకు 15 ఆంపియర్ల నీలం రంగు ఫ్యూజు తగును. ఎరుపు 10, పసుపు 20, ఆకుపచ్చ 30 ఆంపియర్లవి. ఫ్యూజు పోయినప్పుడు అంతకన్నా పెద్దది వేయడం, వెండిరంగు కాగితం చుట్టడం కారణాన్ని దాచి ప్రమాదాన్ని పెంచడమే.

300 వాట్ల ఇన్వర్టరును సిగరెట్ లైటరు సాకెట్టుకు తగిలించడం నేటికీ కనిపిస్తున్నది. నష్టాలు లెక్కించకుండానే అది 25 ఆంపియర్లు లాగుతుంది. ఆ సాకెట్టు సాధారణంగా 10 నుండి 15 ఆంపియర్లకు ఉద్దేశించినది. ఇటువంటి భారానికి వేరే మందపాటి తీగ, వేరే ఫ్యూజు ఉండవలసిందే.

దీపాలు, ధ్వనివర్ధకం వంటివి తాళం తీసినప్పుడు ఆగిపోవాలంటే రిలే అవసరం. రిలేపై 30 అని ఉన్న కాలుకు బ్యాటరీ నుండి ఫ్యూజు గుండా వచ్చిన తీగ, 87కు పరికరం, 85, 86లలో ఒకదానికి తాళంతో వచ్చే విద్యుత్తు, రెండవదానికి ఎర్తు కలుపుతారు. తాళం వలయంపై పడే భారం రిలే చుట్ట తీసుకునే అరపావు, పావు ఆంపియరు మాత్రమే. శీతల పెట్టె విషయం వేరు. రాత్రి బస చేసినప్పుడు అది నడవాలి. గంటలో 24 నిమిషాలు పనిచేసే 5 ఆంపియర్ల పెట్టె పది గంటలలో 20 ఆంపియర్-గంటలు తీసుకుంటుంది. కొండ గ్రామంలో తెల్లవారుజామున వాహనం కదలకపోతే పరిస్థితి ఏమిటో ఆలోచించి, తరచుగా బస ఉండే వాహనానికి రెండవ బ్యాటరీ ఏర్పాటు చేసుకోవడమే ఉత్తమమని నా అభిప్రాయం.

విశాఖ తీరంలో ముందుగా పాడయ్యేది ఎర్తు. రంగు పూసిన రేకుపై బిగించిన ఎర్తు మొదటి నుండీ అరకొరగానే పనిచేస్తుంది. బోల్టు చుట్టూ రంగు గీకి, మెరిసే లోహంపై తగరం పూత గల లగ్గు బిగించి, పైన పెట్రోలియం జెల్లీ గాని రంగు గాని పూయాలి. తీగలను మెలిపెట్టి టేపు చుట్టే అతుకులు ఉప్పు గాలిలో ఒకటి రెండు వర్షాకాలాలకే నల్లబడతాయి. నొక్కి బిగించే సాధనంతో లగ్గు వేసి, వేడికి ముడుచుకునే గొట్టం తొడిగితే అతుకు నిలుస్తుంది. పలక వెనుక అతుకు లేకుండా ఒకే తీగ లాగడం అన్నిటికన్నా మంచిది. ఐదారు మీటర్ల తీగకు అయ్యే అదనపు ఖర్చు పలకలు మళ్లీ విప్పే కూలి కన్నా తక్కువ.

మూసే ముందు

పలకలు బిగించక ముందే అన్ని పరికరాలను ఒకేసారి నడిపి చూడాలి. ఇంజిను ఆపి, పెట్టె నడుస్తుండగా మొదట బ్యాటరీ ధ్రువాల వద్ద, తరువాత పెట్టె వద్ద వోల్టేజి కొలవాలి. తేడా 0.4 వోల్టు లోపల ఉంటే అమరిక సరిగా ఉన్నట్లే. పరికరం నడవనప్పుడు కొలిచిన వోల్టేజికి అర్థం లేదు, నీరు పారని గొట్టంలో పీడన నష్టం కనిపించదు కదా. పావుగంట తరువాత ఫ్యూజు పట్టీ, లగ్గులు, ఎర్తు బోల్టు చేతితో తాకి చూడాలి. వెచ్చబడిన చోట వదులు అతుకు ఉంటుంది. చివరగా అన్నిటినీ ఆపి, తాళం తీసి, కొంతసేపటికి బ్యాటరీ ఋణ తీగతో వరుసలో మీటరు ఉంచి నిలకడ విద్యుత్తును చూడాలి. అది 50 మిల్లీ ఆంపియర్లకు మించితే ఏదో ఒక పరికరం ఆగలేదని భావించాలి. ఆ 50 మిల్లీ ఆంపియర్లే వారానికి 8.4 ఆంపియర్-గంటలవుతాయి. వేసవి సెలవులలో షెడ్డులో నిలిచిపోయే వాహనానికి ఇది తక్కువ కాదు.

రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను నియంత్రిస్తుంది. పలక వెనుక తీగ వేయడం ఆ కోవలోకి రాకపోయినా, తొట్టిపై శాశ్వత గది కట్టించే ఆలోచన ఉంటే రవాణా అధికారిని ముందే సంప్రదించాలి. ధ్వనివర్ధకానికి 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల కింద లిఖితపూర్వక అనుమతి కావాలి. రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు బహిరంగ ప్రదేశంలో దానిని వాడరాదు. వారంటీ ఉన్న వాహనమైతే అధీకృత కేంద్రం నుండి రాతపూర్వక సమ్మతి తీసుకోవడం మంచిది.

పలకలు మూయక ముందు తీసిన ఫోటోలను, తీగ దారి గీసిన పటాన్ని, ఒక్కొక్క ఫ్యూజు విలువను వాహనం లాగ్ పుస్తకంలో అతికించాలి. వాహనం ఒక కేంద్రం నుండి మరొక కేంద్రానికి బదిలీ అయినప్పుడు డ్రైవరు మారతాడు, శాస్త్రవేత్త మారతారు. ఫ్యూజు డబ్బా మూత లోపలి వైపు అదే వివరాన్ని చెరగని సిరాతో తెలుగులో రాయించాలి. దారిలో ఫ్యూజు పోయిన రాత్రి మూత తెరిచి చూసేది డ్రైవరే.